గోడ మీద గీత... కంప్యూటర్‌లో వరద

కురవని వానను కురిపించి, పొంగని చెరువును పొంగించి, మునగని వీధిని ముంచి చూపిస్తుంది కంప్యూటర్. మరి అది మన వీధి సంగతి సరిగ్గా చెప్పాలంటే దానికేం కావాలి? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల నడుమ వెతికితే దొరికిన జవాబు ఇది.

2020 అక్టోబరు 13, మంగళవారం. దసరాకు ఇంకా పన్నెండు రోజులుంది. పొద్దుట్నుంచీ పడుతున్న వాన సాయంత్రానికి పిచ్చెత్తినట్టు కురవడం మొదలెట్టింది. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీలో ఉండే మా చిన్నమ్మ ఇంట్లోకి నీళ్లు ముందు వాకిట్లోంచి రాలేదు. బాత్‌రూమ్ తూములోంచి వచ్చాయి. బుడబుడమంటూ పైకి తన్నిన నల్లటి నీళ్లను చూసి ఆవిడ గోనెసంచి కుక్కి, దాని మీద బియ్యం డబ్బా పెట్టింది. పావుగంటలో గేటు కిందనుంచి వీధి కూడా ఇంట్లోకొచ్చేసింది. కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుతురులో బాబాయి ఇంటి కాగితాలూ, మందుల సంచీ అందుకుని మేడ మెట్లెక్కేసరికి ఫ్రిజ్ పక్కకు ఒరిగి తేలుతోంది.

నీళ్లు పోయాక గోడల మీద ఓ గీత మిగిలింది. ఎవరో తాడు పట్టి గీసినట్టు ఇల్లంతా ఒకే ఎత్తులో మట్టిరంగు గీత. ఆర్నెల్ల తర్వాత రంగులేయించి దాన్ని కప్పేశారు. పై వాటా అద్దెకివ్వాలన్నా, రేపెప్పుడైనా ఇల్లు అమ్మాలన్నా అది కనబడకూడదు కదా! అయితే వానాకాలం వచ్చినప్పుడల్లా చిన్నమ్మ నన్నడిగే ప్రశ్న మాత్రం మారలేదు.

‘‘పేపర్ల పనిజేస్తవు గద బిడ్డా... ఆ నీళ్లు మళ్లొస్తయా? వస్తే ఎంతెత్తుకొస్తయి?’’

సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇంజినీర్లు దాదాపు అరవై ఏళ్లుగా కంప్యూటర్లలో వరదలు సృష్టిస్తున్నారు. దాన్నే సిమ్యులేషన్ అంటారు. ఉత్తుత్తి వరద అన్నమాట. ఉత్తుత్తిదే అయినా లెక్కలన్నీ అసలైనవే!

ఇరవై అయిదు వేల ట్యాంకర్లు

అన్నింటికన్నా ముందు వాన లెక్క. ఆ రాత్రి బేగంపేటలోని వాతావరణ కేంద్రంలో నమోదైంది 19 సెంటీమీటర్ల పైచిలుకు. అక్టోబరు నెలలో నగరం అంత వాన ఎన్నడూ ఎరగదు. కానీ తూర్పు అంచున కథ వేరు. హయత్‌నగర్‌లో దాదాపు 30 సెంటీమీటర్లు. హస్తినాపురంలో 28, సరూర్‌నగర్‌లో 27కు అటూ ఇటూ. ఒకే ఊరు, ఒకే రాత్రి! బేగంపేట లెక్క ఒక్కటే నమ్ముకుని ఎల్బీనగర్ వరదను లెక్కగడితే మూడో వంతు నీళ్లు లెక్కలోకే రాకుండా పోతాయి. వీధి వీధికీ వానమాపకాలు ఎందుకు కావాలో ఈ ఒక్క ముక్క చాలు చెప్పడానికి.

సెంటీమీటర్లలో చెబితే వాన చిన్నగానే వినిపిస్తుంది. పోనీ, 25 సెంటీమీటర్లే అనుకుందాం. రెండొందల గజాల స్థలం మీద పడే నీరు దాదాపు 42 వేల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు మీ ఇంటిమీద కుమ్మరించినట్టు. అదే ఒక చదరపు కిలోమీటరుకైతే 25 కోట్ల లీటర్లు... అంటే ఇరవై అయిదు వేల ట్యాంకర్లు! వేసవిలో ఒక్క ట్యాంకరు కోసం బతిమాలుకునే కాలనీలివి.

ఇందులో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది? మట్టి నేల అయితే కొంత తాగేస్తుంది. పొలమైతే ఇంకొంత. ఒకప్పుడు ఈ తూర్పు వైపంతా వరిమళ్లు, తోటలు, గుట్టలే. ఇప్పుడు గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు, గేటు దాకా గచ్చు, గేటు దాటితే సిమెంటు రోడ్డు. పడిన నీరు పడినట్టే పరుగు తీస్తుంది. పైగా తొందరగా పరుగు తీస్తుంది. కంప్యూటర్ చేసే మొదటి పని ఇదే. ఏ నేల ఎంత తాగుతుంది, తాగనిది ఎన్ని నిమిషాల్లో నాలా చేరుతుంది అని లెక్కగట్టడం. పట్టణాల కోసమే ఈ లెక్క చేసే ‘స్విమ్’ అనే సాఫ్ట్‌వేర్ అమెరికాలో 1971లోనే వచ్చింది. ఇప్పటికీ అది ఉచితం. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంటెక్ పిల్లలు ప్రాజెక్టులు చేసేది ఎక్కువగా దాంతోనే.

అష్టాచెమ్మా గళ్లు

నీరు నాలాలో ఉన్నంతసేపూ లెక్క సులువు. పట్టాల మీద రైలులాగా ముందుకో వెనక్కో తప్ప దానికి వేరే దారి లేదు. నాలాకు అక్కడక్కడా అడ్డంగా కొలతలు తీసి, ఎంత వెడల్పు, ఎంత లోతు అని చెబితే చాలు. గట్టు దాటిందంటే మాత్రం సినిమా వదిలినప్పటి జనమే. ఏ సందు ఖాళీగా ఉంటే అందులోకి తోసుకుపోతుంది.

దీన్ని పట్టుకోవడానికి కంప్యూటర్ కాలనీ మొత్తాన్ని అష్టాచెమ్మా పటంలా గళ్లుగళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడికీ ఓ ఎత్తు రాసిపెడుతుంది. ఇక ఆట మొదలు. ఒక్కో గడీ తన నలుగురు పొరుగువాళ్లనూ చూస్తుంది. నీ దగ్గర నీటిమట్టం ఎంత, నా దగ్గర ఎంత? నాదే ఎక్కువైతే నీకింత పంపుతాను. నీదెక్కువైతే నువ్వే పంపు. ఒక్క క్షణం లెక్క పూర్తవగానే మళ్లీ మొదటి గడి నుంచి. ఇలా లక్షల గళ్లకు, వేలసార్లు.

ఎంత పంపాలో చెప్పే సూత్రాలు కంప్యూటర్ కన్నా చాలా పాతవి. ఫ్రెంచి ఇంజినీరు సాన్-వెనాఁ 1871లో రాసిపెట్టిన రెండు సమీకరణాలవి. మొదటిది ఏ ఇల్లాలికైనా తెలిసిన లెక్కే. బిందెలోకి వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే మిగిలిందే ఉంటుంది. రెండోది వేగం సంగతి. వాలు నీటిని ముందుకు తోస్తుంది, నేల రాపిడి వెనక్కి లాగుతుంది. ఈ రాపిడికి ఐర్లాండ్ ఇంజినీరు మానింగ్ పేరుతో ఓ అంకె ఉంది. నున్నటి సిమెంటు కాలువకు 0.015 దగ్గర. గుర్రపుడెక్క, తుంగ పెరిగిన కాలువకు 0.045 దాకా. అంకె మూడింతలైతే అదే నాలా, అదే లోతులో మోసే నీరు మూడో వంతుకు పడిపోతుంది. పూడిక తీయని నాలాకు శిక్ష ఇంతా అంతా కాదు. ఇక అందులో పరుపులూ, కొబ్బరి బోండాలూ, పాత సోఫాలూ అడ్డం పడితే ఏ అంకె వేయాలో మానింగ్ గారికీ తెలియదు!

ఇక్కడే ఓ చిక్కుంది. గడి ఎంత ఉండాలి? ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుల పటం ఒకటుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో కొలిచింది. అందులో గడి ముప్ఫై మీటర్లు. అంటే ఒక్కో గడిలో వెయ్యి గజాల పైచిలుకు నేల. చిన్నమ్మ ఇల్లు, అటు పక్కిల్లు, ఇటు పక్కిల్లు, ఎదురిల్లు, నడుమ ముప్ఫై అడుగుల వీధి... అన్నీ కలిపి ఒకే గడి, ఒకే ఎత్తు. నీళ్లు పారిన వీధే పటంలో లేకపోతే ఇక పారేదెక్కడ?

అయితే గడిని చిన్నది చేసేయొచ్చుగా అంటారేమో. చేయొచ్చు. కానీ గడిని సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి. నీరు ఒక్క అడుగులో గడిని దాటి దూకకూడదు కాబట్టి లెక్కచేసే క్షణాన్నీ సగం చేయాలి. మొత్తం పని ఎనిమిదింతలు. ముప్ఫై మీటర్ల గడిని రెండు మీటర్లకు తెస్తే మూడువేల మూడొందల రెట్లకు పైనే! మొన్నమొన్నటి దాకా ఇది అయ్యే పని కాదు. పిల్లలు వీడియోగేములు ఆడుకునే కంప్యూటర్లలోని గ్రాఫిక్స్ కార్డులు ఈ భారాన్ని ఇప్పుడు చాలావరకు మోస్తున్నాయి.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఏం చేసేవారు? నదినే బొమ్మగా కట్టేవారు! రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం మిసిసిపి నది మొత్తానికీ రెండొందల ఎకరాల్లో సిమెంటు నమూనా కట్టించింది. 1943లో పని మొదలుపెట్టింది జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీలు. అందులో ఒక రోజు వరద అయిదున్నర నిమిషాల్లో అయిపోయేది. మన హిమాయత్‌సాగర్ దగ్గర ఇంజినీరింగ్ పరిశోధన ప్రయోగశాలలోనూ ఆనకట్టలకు, కాలువలకు ఇలాంటి బొమ్మలు కట్టి నీళ్లు వదిలి చూసినవారే.

విశ్వేశ్వరయ్య కాగితం మీద...

అంతకన్నా ముందే, కాగితం పెన్సిలుతో మూసీ వరదను లెక్కగట్టినాయన ఒకరున్నారు. 1908 సెప్టెంబరు 28. హైదరాబాద్ చరిత్రలో అంతకన్నా చేదు తేదీ లేదు. మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా చనిపోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఇప్పటికీ ఉంది.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పిలుపు మీద 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందు చేసింది ఏమిటో తెలుసా? చెరువులు లెక్కబెట్టించడం. మూసీ, ఈసీ పరీవాహకంలో 788 చెరువులు తేలాయి. వాటిలో 221 తెగిపోయాయి. వాన ఒక్కటే అంత వరద తేలేదు. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది, అది తెగి ఆ కిందిదాని మీద పడింది. ఇప్పుడు కంప్యూటర్‌లో ‘కట్ట తెగితే ఏమవుతుంది’ అని ప్రత్యేకంగా చేసే సిమ్యులేషన్‌కు మూలం ఇదే. ఆయన లెక్క ప్రకారం నగరానికి పైన నీటిని ఆపే జలాశయాలు వచ్చాయి. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్.

మరి దిల్‌సుఖ్‌నగర్‌కు వాటితో ఏం పని? ఉంది. సరూర్‌నగర్ చెరువు నుంచి దిగే నాలా కోదండరాంనగర్, సీసల బస్తీ, కమలానగర్ పక్కల మీదుగా జాతీయ రహదారి కిందనుంచి చైతన్యపురి దాటి మూసీలో కలుస్తుంది. మూసీ నిండుగా పారుతుంటే ఆ నాలా నోరు మూసుకుపోతుంది. లోపలి నీరు బయటికి పోదు సరికదా, బయటి నీరే లోపలికి తంతుంది. చిన్నమ్మ ఇంటి బాత్‌రూమ్ తూములోంచి నీళ్లు వచ్చింది ఇలాంటి ఎదురు ఒత్తిడికే. కంప్యూటర్ భాషలో దీన్ని హద్దు షరతు అంటారు. ఎంత గొప్ప నమూనా అయినా ఆ రాత్రి మూసీ మట్టం ఎంతో చెప్పకపోతే చైతన్యపురి లెక్క తప్పుతుంది.

మూసీ విషయంలో ఒక్క ఊరట ఉంది... సమయం. బాపూఘాట్ నుంచి నాగోలుకు నది వెంట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. నీరు సెకనుకు రెండు మీటర్లు నడిచినా మూడు గంటలు చేతిలో ఉంటాయి. గేట్లు ఎత్తిన క్షణాన ఎవరి ఇంటి ముందుకు ఎన్ని గంటలకు నీళ్లొస్తాయో నమూనా చెప్పగలదు. అలా చెప్పడమూ, అది చేరాల్సిన వాళ్లకు చేరడమూ వేరువేరని 2025 సెప్టెంబరు చివర్లో తెలిసొచ్చింది. జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే వచ్చేశాయి. పండగకు ఊళ్లకు బయల్దేరిన ప్రయాణికులు రాత్రిపూట అక్కడే చిక్కుకుపోయారు.

గోదావరితో పోలిస్తే మూడు గంటలు కూడా ఏపాటి! 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఎగువన నీటిమట్టాలు చూస్తూ కేంద్ర జలసంఘం ఎప్పటికప్పుడు అంచనాలిస్తూనే ఉంది. మహానది, గోదావరి లాంటివి ఏనుగుల్లా నడుస్తాయి. కాలనీ నాలా అలా కాదు, పిల్లిలా మీద పడుతుంది. మేఘం కురిసిన అరగంటకో గంటకో వీధిలో ఉంటుంది.

మెట్రో వంతెన ఆనకట్టయిందా?

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. దానికి నేల కనబడదు. పైన ఏముంటే అదే కనబడుతుంది. అయిదంతస్తుల అపార్టుమెంట్లు చిన్న గుట్టల్లా కనబడతాయి. మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ దాకా 2018లో పరుగెత్తిన మెట్రో వంతెన సంగతి ఇంకా తమాషా. వంతెన కింద నీళ్లు పోయే ఖాళీ ఉందని పైనుంచి చూసే కంటికేం తెలుసు? ఎత్తుల పటంలో అది రోడ్డు పొడవునా కట్టిన గోడ! సరిచేయకుండా ఆ పటాన్ని అలాగే కంప్యూటర్‌కు పెడితే హైవేకు ఒక పక్క సముద్రం, రెండో పక్క ఎడారి వస్తాయి. అనుభవమున్న ఇంజినీరు ఎక్కడెక్కడ వంతెనలున్నాయో, ఎక్కడ కల్వర్టులున్నాయో వెతికి ఒక్కో గోడకూ చేత్తో కన్నం పెడతాడు.

నేలను నేలగా చూడాలంటే విమానం నుంచో, డ్రోన్ నుంచో లేజర్ కిరణాలతో కొలవాలి. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2005లో ఎగిరిన కార్టోశాట్-1 చిత్రాలతో దేశమంతటికీ ఎత్తుల పటం తయారుచేసింది. కొండలకూ లోయలకూ అది బాగానే సరిపోతుంది. మూడడుగుల నీటికి మాత్రం ఎత్తులో మీటర్ల తేడా వచ్చే పటాలు చాలవు. వరంగల్ ఎన్ఐటీ పరిశోధకులు హైదరాబాద్‌లో ఓ డ్రైనేజీ జోన్ మీద ‘హెచ్ఈసీ-రాస్’ అనే సాఫ్ట్‌వేర్‌తో ఏ ప్రాంతానికి ఎంత ముప్పో 2019లోనే లెక్కగట్టి చూపించారు. అమెరికా సైనిక ఇంజినీర్లు 1995లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. అంటే కొరత సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఏ కల్వర్టు ఎంత వెడల్పు, ఏ నాలా ఎక్కడ సన్నబడింది, ఎవరి ప్రహరీ ఎక్కడ అడ్డుంది అన్న వివరాలదే.

పాతవాళ్లు కట్టిన చెరువుల్లో ఈ వివరాలన్నీ ఇమిడి ఉండేవి. మీర్‌పేట వైపు చెరువులు నిండితే అలుగు దూకి కింది చెరువుకు, అక్కణ్నుంచి సరూర్‌నగర్ చెరువుకు, అది నిండితే మూసీకి... గొలుసుకట్టు అంటే ఇదే. కుతుబ్‌షాహీల నాటి సరూర్‌నగర్ చెరువు ఇప్పుడున్నది దాదాపు 99 ఎకరాలు. వానాకాలం ముందు అందులో ఒక్క మీటరు ఖాళీ ఉంచితే 40 కోట్ల లీటర్లు పడతాయి. ఇందాకటి లెక్కలో పదహారు వందల మీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు నేల మీద పడిన 25 సెంటీమీటర్ల వాన మొత్తం! నిండా మురుగుతో ఉన్న చెరువుకు ఆ చోటు ఎక్కడిది? 2020లో ఆ వాన వచ్చేసరికి చెరువులు నిండే ఉన్నాయి. అదే వారం నగరానికి దక్షిణాన పల్లె చెరువు, బాలాపూర్ గుర్రం చెరువు కట్టలు తెగాయి. విశ్వేశ్వరయ్య రాసిందే నూటపన్నెండేళ్ల తర్వాత మళ్లీ జరిగింది.

ఒకరికి మేలైతే ఇంకొకరికి...

2020 తర్వాత నాలాల అభివృద్ధి పథకం కింద నగరంలో చాలాచోట్ల బాక్సు డ్రెయిన్లు వేశారు. ఎల్బీనగర్ వైపూ పడ్డాయి. మంచిదే. సిమ్యులేషన్ అసలు ఉపయోగం ఇలాంటి చోటే. పై కాలనీలో నాలా వెడల్పు చేస్తే అక్కడ నీళ్లు నిలవవు. కానీ ఇదివరకు అక్కడే గంటసేపు ఆగి మెల్లగా దిగిన నీరు ఇప్పుడు పావుగంటలో కింది కాలనీ మీదికొస్తుంది. కింద కల్వర్టు పాతదే అయితే? పైవాళ్లు గట్టెక్కారు, కిందివాళ్లు మునిగారు. పని మూసీ దగ్గర్నుంచి పైకి రావాలా, పైనుంచి కిందికి పోవాలా అన్నది కోట్ల రూపాయల ప్రశ్న. కాంక్రీటు పోసి తెలుసుకోవడం కన్నా కంప్యూటర్‌లో పదిసార్లు ముంచి తెలుసుకోవడం చవక. నన్నడిగితే ఏ కాలనీలో డ్రెయిన్ పని మొదలుపెట్టినా, అది అయ్యాక ఎవరి వీధిలో నీటిమట్టం ఎంత తగ్గుతుంది, ఎవరి వీధిలో ఎంత పెరుగుతుంది అనే పటాన్ని కమ్యూనిటీ హాల్లో అంటించాలంటాను.

నమూనా చెప్పేది లోతొక్కటే కాదు, వేగం కూడా. ఇది ఇంట్లో పిల్లలకు తప్పక చెప్పాల్సిన సంగతి. నిలిచిన నీళ్లలో నడుం లోతున నిలబడగలం. అదే పరుగు తీసే నీళ్లయితే జానెడు లోతే మనిషిని పడగొట్టగలదు. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి. 2020 సెప్టెంబరులో, పెద్ద వరదకు కొద్దిరోజుల ముందే, సరూర్‌నగర్ దగ్గర స్కూటర్ మీద వెళ్తున్న ఓ వ్యక్తిని వీధిలో నీళ్లే చెరువులోకి ఈడ్చుకెళ్లాయి. అతను బతకలేదు. అందుకే మంచి నమూనాలు లోతునూ వేగాన్నీ గుణించి, ఏ వీధిలో నడవకూడదో ఎర్రరంగు వేసి చూపిస్తాయి.

చిన్నమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నీళ్లు మళ్లొస్తాయా?

‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అనే మాట వినగానే చాలామంది హమ్మయ్య అనుకుంటారు. ఒకసారి వచ్చింది కదా, ఇక మన మనవళ్ల కాలానికే అని. లెక్క అలా ఉండదు. ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉందని దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడూ ఆ ఒక పాలు అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ల గృహరుణం తీసుకున్న కుటుంబం ఆ వాయిదాలు తీరేలోపు అలాంటి వరదను చూసే అవకాశం నూటికి 18. ముప్ఫై ఏళ్లయితే 26. పైగా ఇదంతా పాత వానల లెక్కల మీద కట్టింది. బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. ఇరవై ఏళ్లకు తూర్పున అంతకు మించి కురిసింది. ఇంటి లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు అడిగే కాగితాల్లో నీళ్లు ఎంతెత్తుకొస్తాయన్న కాగితం మాత్రం ఉండదు.

బీరువా వెనక

మరి కంప్యూటర్ చెప్పింది నిజమో కాదో ఎలా తెలుస్తుంది? జరిగిన వరదను మళ్లీ కంప్యూటర్‌లో నడిపిస్తారు. 2020 అక్టోబరు 13 వాననే కురిపించి, అది చూపించిన ఎత్తునూ వీధిలో నిజంగా వచ్చిన ఎత్తునూ పోలుస్తారు. తేడా ఉంటే రాపిడి అంకెలు సవరిస్తారు, మరిచిపోయిన కల్వర్టును వెతుకుతారు. మళ్లీ నడుపుతారు. నిజమైన ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? గోడల మీద. గేట్ల మీద. మేడమీంచి తీసిన సెల్‌ఫోన్ వీడియోల్లో, వాటి మీదుండే టైములో. నదుల మీదైతే కొలబద్దలుంటాయి. కాలనీ వీధిలో కొలబద్ద ఏముంది, మన ఇంటి గోడే!

ఆ గోడలకేమో మనం రంగులేసేశాం.

తప్పు పట్టలేం. ఈ వీధి ఇంత మునుగుతుందని పటం వేసి చూపిస్తే ఇంటి ధర పడిపోతుందన్న భయం ఉత్తుత్తిది కాదు. జీవితమంతా కూడబెట్టి కొన్న రెండొందల గజాలది. ఆ పటం లేకపోతే ఆ భయం తెలియకుండా ఇంకెవరో వచ్చి కొంటారు, అద్దెకు దిగుతారు. పిల్లలతో, ముసలివాళ్లతో, కింది వాటాలోనే.

పోయిన ఆదివారం చిన్నమ్మ వాళ్లింటికి టేపు తీసుకుని వెళ్లాను. ఎందుకో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత బాబాయిని పిలిచి పడగ్గదిలో బీరువాను పక్కకు జరిపించింది. రంగులేసినప్పుడు బరువు ఎక్కువని దాన్ని కదపలేదట. వెనక పాత గోడ అలాగే ఉంది. గీత కూడా అలాగే ఉంది. గచ్చు మీంచి కొలిస్తే మూడడుగుల రెండంగుళాలు. ఇల్లు వీధికి రెండడుగుల ఎత్తులో ఉంది. అంటే ఆ రాత్రి వీధిలో అయిదడుగుల పైనే.

బాబాయి క్యాలెండర్ వెనక తేదీ, ఎత్తు రాసుకున్నాడు. ఎదురింటాయన్నీ, పక్కింటి టీచరమ్మనూ అడిగి వాళ్ల గోడలవీ రాస్తానన్నాడు. చిన్నమ్మ టీ గ్లాసు చేతికిస్తూ అంది.

‘‘రాయి బిడ్డా. నలుగురికి పనికొస్తదంటే రాయి. గని ఇంటి నంబర్ మాత్రం ఎయ్యకు.’’

వేయలేదు.